శూన్యదోష మండలం

మూడేళ్ల పిల్లాడొకడు చేతిలో గులాబీ పట్టుకొని "నమత్తాలం దైలెత్తల్ దాలూ" అనడంతో మా శాఖకు ఉచ్చారణ మీద భక్తి పుట్టింది. నమస్కారం డైరెక్టర్ గారూ అని వాడి ఉద్దేశం. జిల్లా కేంద్రంలో కొత్త అంగన్వాడీ భవనం ప్రారంభోత్సవమది. అక్కడున్న తల్లులు నవ్వారు, ఆయాలు నవ్వారు, రిబ్బను చివర పట్టుకున్న ఇంజనీరు కూడా నవ్వాడు. డైరెక్టర్ డాక్టర్ విశ్వంభరం గారు మాత్రం నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో కారులో ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగారట: "రాష్ట్రంలో ఇలాంటి కేసులు మొత్తం ఎన్ని?"

ఎవరి దగ్గరా లెక్క లేదు. మా శాఖ దేన్నయినా భరిస్తుంది గానీ లెక్క లేకపోవడాన్ని భరించదు. నెల తిరక్కుండా 'రాష్ట్ర శుద్ధోచ్చారణ మిషన్' వెలిసింది. విశ్వంభరం గారే దానికి అధిపతి. ఆయన డాక్టరేటు చేపల పెంపకంలో అని తర్వాత తెలిసింది. చేపలు ఏనాడూ తప్పు పలకలేదు కాబట్టి ఆయనకు ఆ ప్రమాణం అలవాటై ఉండవచ్చు.

నేను తామరవలస శిశు సంక్షేమ ప్రాజెక్టు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. పేరు బెహరా కూర్మారావు. మండలంలో డెబ్భై ఒక్క అంగన్వాడీ కేంద్రాల నుంచి వచ్చే కాగితాలన్నీ నా బల్ల మీదుగానే పైకి పోతాయి, పైనుంచి వచ్చే ఉత్తర్వులన్నీ నా బల్ల మీదుగానే కిందికి దిగుతాయి. మిషన్ తొలి ఉత్తర్వు మార్చి మొదటి వారంలో దిగింది. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "మూడు సంవత్సరములు నిండిన ప్రతి శిశువు మాతృభాష యందలి సమస్త వర్ణములను నిర్దుష్టముగా ఉచ్చరించునట్లు చూచు బాధ్యత సంబంధిత అంగన్వాడీ కార్యకర్తదై ఉండును. ఇందుకు ఎట్టి మినహాయింపును లేదు."

కాకిని తాతి అనడం ఇకమీదట 'తకారాపరాధం'. రైలును లైలు అనడం 'రకార పరిత్యాగం'. చక్రాన్ని తక్కం అనడం 'సంయుక్త విచ్ఛేదం'. పేర్లు చదువుతుంటే శిక్షాస్మృతిలో సెక్షన్లు చదివినట్టుండేది.

జిల్లా ఆసుపత్రిలో పిల్లలకు మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ ఆ వారంలోనే మిషన్‌కు రెండు పేజీల ఉత్తరం రాసింది. ఇవి దోషాలు కావనీ, నోరు తిరగని వయసులో పిల్లలందరూ కష్టమైన శబ్దం బదులు తేలికైన శబ్దం వాడుకుంటారనీ, పాలపళ్లు రాలినట్టు చాలావరకు అయిదారేళ్లకు వాటంతట అవే పోతాయనీ, అసలు కనిపెట్టాల్సింది మాటే రాని పిల్లల్నీ, వినిపించని పిల్లల్నీ అనీ ఆ ఉత్తరం సారాంశం. దాని మీద విశ్వంభరం గారు స్వహస్తంతో రాసిన నోటు నకలు మాకూ వచ్చింది: "పాలపళ్ల విషయము దంత వైద్య విభాగపు పరిధిలోనిది. ఫైలు మూసివేయవచ్చును."

ఇక పరీక్ష సంగతి. ప్రతి కేంద్రానికీ ఇరవై బొమ్మల అట్టల కట్ట వచ్చింది. కార్యకర్త ఒక్కో బొమ్మ చూపించాలి, పిల్లవాడు పేరు చెప్పాలి, తప్పితే దోషం. నెలాఖరుకు పిల్లవాడి పేరుకు ఎదురుగా దోషాల సంఖ్య వేసి నాకు పంపాలి. ఏమీ లేకపోతే 'నిల్' అని వేయాలి.

ఈ నిల్ గురించి బయటివాళ్లకు కాస్త చెప్పాలి. సర్కారు ఆఫీసులో లేనిదాన్ని కూడా లేదని రాసి పంపాలి. మంచు తుఫానులో దెబ్బతిన్న అంగన్వాడీ కేంద్రాల వివరం ప్రతి నెలా అయిదో తారీఖున నేను పంపుతాను. మాది సముద్రపు గాలి తగిలే మండలం. ఇరవై రెండేళ్లుగా నిల్ పంపుతున్నాను, ఒక్కసారి ఆలస్యమైనందుకు మెమో కూడా తిన్నాను. నిల్ అని ఉన్న కాగితాన్ని ఎవరూ ప్రశ్నించరు. నిల్ అంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. మాకు పుట్టుకతో వచ్చిన విశ్వాసమిది.

మార్చి నెల పట్టికలు నా బల్ల మీద పడుతుండగానే గేదెల సన్యాసమ్మ వచ్చింది. తామరవలస మూడో నంబరు కేంద్రం కార్యకర్త ఆవిడ. పద్దెనిమిదేళ్ల సర్వీసు, గట్టి గొంతు, ఎవరితోనైనా నిలబడి మాట్లాడే మనిషి. ఆవిడ వెనకాల ఒక తల్లి, తల్లి చంకలో ఒక పిల్ల. తల్లి పేరు అప్పలనర్సమ్మ. జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది, జీడి అంటుకొని వేళ్లు నల్లబడిపోయాయి. పిల్ల పేరు మోక్షిత. ఆ పేరు పెట్టినవాళ్లలో సగం మందికి అది పలకడం రాదు. మూడేళ్ల మూడు నెలల పిల్ల, గుండ్రటి కళ్లు, నేనూ నా పెన్నూ ఎటు కదిలితే అటు చూస్తోంది.

"బాబూ, ఈ గుంటకి పెద్దాసుపత్రికి సీటీ రాసియ్యాలి," అంది సన్యాసమ్మ. "మాటాడదు. పిలిస్తే పలకదు. మొన్న వంట గదిలో గిన్ని కింద పడితే గుంటలందరూ ఉలిక్కిపడ్డారు, ఇది తలైనా తిప్పనేదు. నాకేటో సెవుల మీద అనుమానంగా ఉన్నాది."

"మా అత్త, దీని అయ్య కూడా నాలుగేళ్లకి గానీ మాటాడనేదు, ఊరుకోమంటాది బాబూ," అంది అప్పలనర్సమ్మ. "నాకు ఊరుకోబుద్ధవ్వట్లేదు. ఆసుపత్రికి ఎల్తే అంగన్వాడీ సీటీ తెమ్మన్నారు."

ఇంతకుముందైతే ఆ చీటీ రెండు నిమిషాల పని. కార్యకర్త చెబితే నేను రాసేవాణ్ని, మా అధికారిణి మేడమ్ సంతకం పెట్టేది. కానీ ఆరేళ్లలోపు పిల్లల మాటకూ వినికిడికీ సంబంధించిన చీటీలన్నీ కొత్త ఉత్తర్వుతో మిషన్ కిందికి పోయాయి. మూడు గానీ అంతకు మించి గానీ దోషాలున్నవారికే చీటీ.

"దోషాలెన్ని?" అని అడిగాను.

"మాటాడితే కదా బాబూ, దోషాలు!"

"అంటే నిల్."

"నిల్ కాదు, మాటే లేదు!"

"మాట లేదు అనడానికి గడి లేదు సన్యాసమ్మా. దోషాల గడి ఒక్కటే ఉంది. అందులో పడేది అంకె, లేకపోతే నిల్."

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. నేను మాత్రం ఆ రోజు చాలా మర్యాదగా, మంచినీళ్లు తాగి వెళ్లమన్నాను. పైగా పిల్లకు ఒక్క దోషం కూడా లేనందుకు సంతోషించమన్నాను. ఈ మాట అన్నది నేనే, ఇంకెవరి మీదా తొయ్యలేను.

ఏప్రిల్‌లో ర్యాంకులు వచ్చాయి. తామరవలస మండలం రాష్ట్రంలో చిట్టచివరి నుంచి రెండోది. సన్యాసమ్మ కేంద్రంలో ఇరవై ఇద్దరు పిల్లలకు గాను రెండు వందల డెబ్భై ఆరు దోషాలు, మండలంలో అదే రికార్డు. కారణం సులువు. ఆవిడ పిల్లలు బాగా మాట్లాడతారు. ఎంత ఎక్కువ మాట్లాడితే అన్ని తప్పులు. ఆవిడ వాటిని ఉన్నవి ఉన్నట్టు రాసింది. ఉన్నది రాయడం మా దగ్గర అనుభవం లేని వాళ్లు చేసే పని, పద్దెనిమిదేళ్ల సర్వీసున్న మనిషి చేయడమే విడ్డూరం.

మా ప్రాజెక్టు అధికారిణి ఇందుమతి మేడమ్ చెడ్డ మనిషి కాదు. బదిలీకి భయపడే మనిషి, అంతే. వీడియో సమావేశంలో విశ్వంభరం గారు ఆవిణ్ని తెర మీద నిలబెట్టి అడిగారు: "మీ మండలములో రకారము యొక్క పరిస్థితి ఏమి?"

"క్షేత్రస్థాయిలో పటిష్ఠ చర్యలు చేపడుతున్నాము సార్."

"ఎన్ని రోజులలో రకారమును సాధించెదరు?"

"అరవై రోజుల కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేశాము సార్."

అలాంటి ప్రణాళిక ఏదీ లేదు. ఆ సాయంత్రం నేనే రాశాను. మొదటి పదిహేను రోజులు రకారం, తర్వాత పదిహేను రోజులు కకారం, తర్వాత సంయుక్తాక్షరాలు, చివరి పదిహేను రోజులు మిగులు దోషాల నిర్మూలన. పంటకు పురుగుమందు కొట్టే ప్రణాళిక ఒకటి పక్క శాఖ నుంచి అడిగి తెచ్చుకున్నాను. పురుగు అన్న చోట దోషం అని మార్చితే చక్కగా సరిపోయింది.

సన్యాసమ్మకు మెమో వెళ్లింది. రెండు వందల డెబ్భై ఆరు దోషాలను ఎందుకు పెంచి పోషించావో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నాం. ఆవిడ ఒక్క వాక్యం రాసి పంపింది: "వాళ్లు చిన్నపిల్లలు." మేడమ్ దాని మీద 'సంతృప్తికరముగా లేదు' అని రాసింది.

మే నెలలో మిషన్ వారు మూలం మీద దృష్టి పెట్టారు. పిల్లలకు తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో ముద్దు ముద్దుగా మాట్లాడడం వల్ల. కాబట్టి ఇకపై బువ్వ లేదు, భోజనం ఉంటుంది. జోజో లేదు, నిద్ర ఉంటుంది. ఇంట్లో ముద్దుమాటలు వాడిన వారి పేర్లు నమోదు చేయాలని ఆదేశం. గవరవీధిలో ఒక ముసలమ్మ మనవరాల్ని "బువ్వ తిందువు గాని రామ్మా" అని పిలుస్తుండగా మేడమ్ స్వయంగా విన్నది. నోటీసు ఇచ్చాం. ముసలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి ఈ గుంటని ఏటనాలి తల్లీ?" అని అడిగింది. నిబంధన ప్రకారం 'శిశువా, భోజనమునకు రమ్ము' అనాలని మేడమ్ చెప్పింది. ముసలమ్మ రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారికి పిల్ల భయపడి ఏడుపు మొదలెట్టింది.

ఆ తర్వాత తల్లులకు కూడా పరీక్ష పెట్టమన్నారు. చెట్టును సెట్టు అని, చెరువును సెరువు అని పలికే తల్లుల జాబితా తయారు చేయమని ఉత్తర్వు. మా వైపు అలా పలకని మనిషి కావాలంటే వేరే జిల్లా నుంచి తేవాలి. వారం రోజులు ఆలోచించి, మండలంలో మహిళా ఓటర్ల జాబితాకు పైన 'సకార బాధితులు' అని శీర్షిక పెట్టి పంపేశాం. ఇంత సమగ్రమైన జాబితా రాష్ట్రంలో మరెక్కడినుంచీ రాలేదని మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆ జాబితాలో ఇందుమతి మేడమ్ వాళ్ల అమ్మ పేరు కూడా ఉంది.

జూన్‌లో కోడిగుడ్డు ఉత్తర్వు. అంతకుముందు పిల్లకు రోజుకొక గుడ్డు పెట్టేవాళ్లం. ఇప్పుడు గుడ్డును 'ప్రోత్సాహకము'గా మార్చారు. నిర్దుష్టంగా అడిగినవారికే గుడ్డు. నేను ఒక కేంద్రంలో చూశాను. లక్షిత అనే పిల్ల, బుగ్గలు పూరించుకొని, శక్తంతా పెట్టి "తోదిదుద్దు" అంది. ఆయా గుడ్డును పళ్లెంలో పెట్టబోయి, గోడ మీది నిబంధన చూసి, నన్ను చూసి, మళ్లీ గిన్నెలో వేసేసింది. పిల్లకు ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. గుడ్డు అడగడానికి ఇంకా గట్టిగా అరవాలనుకుంది కాబోలు, పెద్దగా "తోదిదుద్దూ!" అని అరిచింది. నేను తల వంచుకొని నా రిజిస్టరు చూసుకున్నాను.

సన్యాసమ్మ మాత్రం ఇరవై ఇద్దరికీ గుడ్లు పెట్టేసి, అందరూ నిర్దుష్టంగా అడిగారని రాసింది. ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి చేత అబద్ధం రాయించడం మిషన్ సాధించిన మొదటి విజయం. తనిఖీలో పట్టుబడింది. రెండో మెమో. మూడో మెమో వస్తే ఉద్యోగం పోతుంది.

పిల్లలు మనం అనుకున్నంత అమాయకులు కారు. నోరు తెరిస్తే గుడ్డు పోతుందనీ, నోరు తెరిస్తే టీచరమ్మ మొహం వాడిపోతుందనీ, నోరు తెరిస్తే ఇంట్లో అమ్మకు చీవాట్లు పడతాయనీ వాళ్లకు రెండు నెలల్లో అర్థమైపోయింది. అడగకుండా కళ్లప్పగించి కూర్చున్నవాడు తప్పు పలకలేదు కాబట్టి ఆయా వాడికి గుడ్డు పెట్టేసేది. పిల్లలు అది చూశారు.

జూలై పట్టికల్లో దోషాలు సగమయ్యాయి. ఆగస్టులో పదో వంతుకు దిగాయి. సెప్టెంబరులో డెబ్భై ఒక్క కేంద్రాల నుంచి డెబ్భై ఒక్క నిల్‌లు వచ్చాయి. నా సర్వీసులో అంత అందమైన పట్టిక ఎన్నడూ తయారు చేయలేదు. మేడమ్ దాన్ని చూసి కళ్లు తుడుచుకుంది. రాష్ట్రంలోనే తొలి 'శూన్యదోష మండలం'గా మమ్మల్ని ప్రకటించారు.

అభినందన పత్రం ఇవ్వడానికి నేను ఒక కేంద్రానికి వెళ్లాను. మెట్ల దగ్గరికి వెళ్లేదాకా సెలవేమో అనుకున్నాను, అంత నిశ్శబ్దం. లోపల పద్దెనిమిది మంది పిల్లలు గోడవారన వరసగా కూర్చొని ఉన్నారు. కిటికీ మీద కాకి వాలింది. ఒక పిల్లాడి మొహం వెలిగిపోయింది, వేలు చూపించి నోరు తెరిచాడు. అంతలోనే నన్ను చూసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ కాకి ఒక్కటే కాసేపు అరిచి వెళ్లింది. నేను అభినందన పత్రం గోడకు తగిలించి వచ్చాను. ఈ ముక్క ఏ రిపోర్టులోనూ రాయలేదు.

నవంబరు బాలల దినోత్సవానికి 'శుద్ధవాక్ బాలరత్న' బిరుదు పెట్టారు. మిషన్ మొదలైన నాటి నుంచి ఒక్క నెల కూడా దోషం చేయని శిశువుకు. రాష్ట్రమంతా కంప్యూటరులో వెతికితే వరసగా ఎనిమిది నెలలు నిల్ ఉన్న పేరు ఒక్కటే తేలింది: మోక్షిత, తామరవలస మూడో నంబరు కేంద్రం.

సన్యాసమ్మ ఈ ఎనిమిది నెలల్లో చీటీ కోసం పదకొండు సార్లు ఆఫీసుకు వచ్చింది. పదకొండు సార్లూ నేను అదే సమాధానం చెప్పాను. బిరుదు వార్త తెలిశాక పన్నెండోసారి వచ్చి, నా బల్ల ముందు నిలబడి అడిగింది: "బాబూ, తమరికి పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"ఏటో, ఉన్నారు," అని వెళ్లిపోయింది.

సభ హైస్కూలు ఆవరణలో జరిగింది. విశ్వంభరం గారు వచ్చారు. మాతృ'బాష' గురించి గంటసేపు మాట్లాడారు. 'బాష' అన్నది నలభై మూడు సార్లు లెక్కపెట్టాను. మూడేళ్లు నిండిన ప్రతివారికీ నిబంధన వర్తిస్తుందని ఉత్తర్వులో ఉంది గానీ, ఎన్నేళ్లు నిండేదాకానో లేదు. లేచి అడుగుదామనుకున్నాను. నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది.

మోక్షితను వేదిక మీదికి తెచ్చారు. అప్పలనర్సమ్మ కొత్త గౌను తొడిగి, రెండు జడలు వేసింది. విశ్వంభరం గారు ఆ పిల్ల మెడలో పతకం వేసి, ధ్రువపత్రం చదివి వినిపించి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "చిరంజీవీ, రకారముతో ఒక పదము పలుకుము," అన్నారు. పిల్ల ఆయన పెదాల వైపే చూస్తోంది. అంతలో మైకు స్పీకరుకు దగ్గరై కీచుమని అరిచింది. అలాంటి ఇలాంటి అరుపు కాదది. మేడమ్ చెవులు మూసుకుంది. విశ్వంభరం గారు మైకు వదిలేసి వెనక్కి గెంతారు. ముందు వరసలో పిల్లలందరూ నోరు మూసుకున్న చేతులు తీసి చెవులు మూసుకున్నారు. ఒక్క మోక్షిత మాత్రం కదల్లేదు. స్పీకరు పక్కనే నిలబడి, అందరూ ఎందుకు అలా చేతులెత్తారోనని ఆశ్చర్యంగా చూసి, తనూ చేతులెత్తి చెవుల మీద పెట్టుకుంది, ఆటేమో అనుకొని నవ్వింది.

సభ సభంతా చూసింది. అప్పుడు విశ్వంభరం గారు తేరుకొని, మైకు తీసుకొని, "చూచితిరా! ఎంతటి ఏకాగ్రత! ఎంతటి నిశ్చలత!" అన్నారు. చప్పట్లు కొట్టమని మేడమ్ సైగ చేసింది. కొట్టాం.

చప్పట్లు ఆగకముందే సన్యాసమ్మ వేదిక ఎక్కింది. "ఏకాగ్రత కాదు బాబూ, ఆ గుంటకి సెవులినపడవు," అంది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది. "ఎనిమిది నెల్ల బట్టి సెప్తన్నాను. ఈ పతకం మీరే ఉంచుకోండి, దానికి సీటీ ఇచ్చీండి."

విశ్వంభరం గారు చిరునవ్వు చెదరకుండా, "లిఖితపూర్వకముగా సమర్పించుడు," అన్నారు.

సమర్పించాం. జవాబు పది రోజుల్లో వచ్చింది, మా శాఖలో అది వేగమే: "రాష్ట్రస్థాయి ధ్రువపత్రము పొందిన శిశువును దోష నివారణ విభాగమునకు పంపుట ప్రభుత్వ నిర్ణయమును ప్రశ్నించుటయే అగును. ఒకవేళ ధ్రువపత్రము రద్దు చేయవలెనన్నచో, సదరు శిశువు ఇరవై పదములకు గాను ఇరవై పదములను దోషయుక్తముగా ఉచ్చరించినట్లు, ఉచ్చరించిన రూపముతో సహా, నిర్ణీత పట్టికయందు నిరూపించవలెను. ఖాళీ గళ్లు అంగీకరించబడవు."

ఆ కాగితం చదివిన రోజు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నా బల్ల చూస్తే నాకే రోత పుట్టింది. మిషన్‌కు ఉత్తరం రాసిన ఆ జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోను చేశాను. "నాలుగో ఏడు నిండేలోపు తీసుకురండి. మాట నేర్చుకునే వయసు దాటుతున్నకొద్దీ చెవికి ఏ మిషను పెట్టినా ఫలితం తగ్గిపోతుంది," అందావిడ. మోక్షితకు నాలుగేళ్లు నిండడం వచ్చే నెలలోనే.

మర్నాడు మధ్యాహ్నం సన్యాసమ్మనూ అప్పలనర్సమ్మనూ పిలిపించాను. తలుపు దగ్గరికి వేసి ఖాళీ పట్టిక తీశాను. నేను చేయబోయే పని నేరం. బయటపడితే నా పింఛనూ సన్యాసమ్మ ఉద్యోగమూ రెండూ పోతాయి. మేడమ్‌కు ముందే చెప్పాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి, "నాకేమీ చెప్పకండి. సంతకాల కట్టలో మధ్యన పెట్టండి," అంది. అంతకంటే ధైర్యం ఆ కుర్చీలో ఎవరిలోనూ చూడలేదు.

పట్టికలో మొదటి పదం కాకి. ఎదురుగా 'శిశువు పలికిన రూపము'. పిల్ల ఎన్నడూ పలకలేదు. అందుచేత మేమే పలికించాలి.

"తాతి," అంది సన్యాసమ్మ. "రాసీండి బాబూ. మా కేంద్రంలో గుంటలందరూ ముందర అలాగే అనేవారు."

రైలు, లైలు. చక్రం, తక్కం. పుస్తకం, పుత్తతం. కోడిగుడ్డు, తోదిదుద్దు. నేను ఒక్కొక్కటీ పైకి చదువుతూ రాస్తున్నాను. మోక్షిత నేల మీద కూర్చొని నా రబ్బరు స్టాంపుతో ఆడుకుంటోంది. అప్పలనర్సమ్మ మొదట తలుపు దగ్గరే నిలబడింది. నాలుగో పదానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. పదో పదానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"మల్లీ సదవండి బాబూ," అంది. "అదంతా నా గుంట అన్నట్టేనా?"

"పట్టిక ప్రకారం అన్నట్టే."

మొదటి నుంచీ మళ్లీ చదివాను. తన కూతురి మాటలు ఆవిడ వినడం అదే మొదటిసారి. ఒక్కొక్క తప్పుకూ తల ఊపుతూ విన్నది.

పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యో బొమ్మ అమ్మ.

నేను పెన్ను పట్టుకొని ఆగిపోయాను. సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది. "నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ మాట తప్పు పలికిన గుంటని సూణ్నేదు బాబూ," అంది మెల్లగా.

అలాగే వదిలేస్తే పంతొమ్మిదే అవుతాయి, ధ్రువపత్రం రద్దు కాదు. ఖాళీ ఒప్పుకోరు. అప్పలనర్సమ్మకు ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక, పరాయివాడిలా ఆఫీసు భాషలోకి దిగాను: "చూడమ్మా, ఈ పదానికి కూడా దోషయుక్త రూపం నమోదు చేయవలసి ఉంటుంది. లేకపోతే..."

"ఇది తప్పు రాయకపోతే సీటీ రాదా?" అని అడిగింది.

"రాదు."

ఆవిడ కూతురి వైపు చూసింది. పిల్ల స్టాంపును అరచేతి మీద ఒత్తుకొని, పడిన గుర్తును చూసుకుంటోంది. అప్పలనర్సమ్మ నల్లబడిన వేళ్లతో కళ్లు తుడుచుకొని, కొంచెంసేపు పెదాలు కదిపి, లోపల ఏదో పలికి చూసుకుంది.

"'మ్మ' అని రాసీండి బాబూ," అంది. "అలగ పిలిసినా నాను పలుకుతాను."